గోలు కొట్టనివారి కథ

పుదుచ్చేరి పట్టణానికి పేర్లను పదిలపరచుకొనే గుణం ఉన్నది. సముద్రతీరానికి చేరువలోని పాత ఫ్రెంచి వీధులలో నడిచే బాటసారికి డ్యూమా, సఫ్రెన్, రొమే రోలా అనే పేర్లు మలుపు మలుపునా కనిపిస్తాయి. తీరాన డూప్లే విగ్రహం నిలిచి ఉన్నది. మొదటి ప్రపంచయుద్ధంలో మరణించిన ఫ్రెంచి ఇండియా సైనికుల స్మారకం వద్ద ఏటా జూలై 14వ తేదీన పుష్పగుచ్ఛాలు ఉంచుతారు. ఏలినవారు వెళ్ళిపోయి ఎన్నో దశాబ్దాలు గడచినా ఆ పేర్లు చెరిగిపోలేదు. వాటిని కనిపెట్టుకొని ఉండేవారు అక్కడ ఉన్నారు, అంతే కారణం. పేరు తనంతట తాను బ్రతకదు. దానికొక కాపరి కావాలి.

ఆటల విషయంలోనూ ఇదే నియమం. 1948 జూలై 31వ తేదీన లండను ఒలింపిక్సులో భారత ఫుట్‌బాలు జట్టు ఫ్రాన్సును ఎదుర్కొన్నది. మనవారిలో చాలామంది ఉత్తకాళ్ళతో ఆడారు. రెండు పెనాల్టీలు చేజారిపోగా 2-1 తేడాతో ఓడిపోయారు. ఆనాడు పుదుచ్చేరిపై ఎగురుతున్నది ఫ్రెంచి పతాకం. హైదరాబాదు సంస్థానం కూడ అప్పటికి భారతదేశంలో చేరలేదు. ఆ సంవత్సరం సెప్టెంబరులో గాని అది విలీనం కాలేదు. అటువంటి హైదరాబాదు నుండి వచ్చిన ఆటగాళ్ళు మూడేండ్లు తిరగకముందే భారత జట్టులో చోటు సంపాదించారు. మరి పదేండ్లపాటు ఆ జట్టుకు వెన్నెముకగా నిలిచారు. వారిలో పలువురు ఒకే సంఘానికి చెందినవారు. ఆ సంఘం పేరు హైదరాబాదు సిటీ పోలీసు.

ఈ జట్టు సాధించిన విజయాలను వరుసగా చెప్పుకొంటే నేటి పాఠకునికి అతిశయోక్తిగా తోచవచ్చు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుమార్లు గెలుచుకొన్నది. దేశంలోకెల్లా ప్రాచీనమైన డ్యూరాండు కప్పును 1950లో, 1954లో, 1957లో గెలిచింది. ఆ మూడు సంవత్సరాలలోనూ రోవర్స్ కప్పు కూడ దానిదే. తరువాత ఆంధ్రప్రదేశ్ పోలీసు అనే పేరుతో ఆడి 1961లో మరల డ్యూరాండును చేజిక్కించుకొన్నది. 1956, 1957 సంవత్సరాలలో హైదరాబాదు జట్టు సంతోష్ ట్రోఫీని గెలుచుకొన్న నాటికి ఆ నగరం దక్షిణాదిన ఫుట్‌బాలుకు రాజధాని వంటిది. కలకత్తాలోని మహాసంఘాలు సైతం ఈ పోలీసుల పేరు వినగానే జాగ్రత్త పడేవి.

ఇంతటి జట్టులో ఆడినదెవరు? ఈ ప్రశ్నకు నేడు తడుముకొనకుండ జవాబు చెప్పగలవారు అరుదు. శిక్షకుడైన సయ్యద్ అబ్దుల్ రహీం పేరు చాలామందికి తెలుసు. ఆ తరువాత మౌనమే మిగులుతుంది.

నూర్ మహమ్మద్ హాఫ్‌బ్యాకు. హాఫ్‌బ్యాకు పని రైతు పని వంటిది. ఎదుటి జట్టు దాడిని ఆపాలి, ముందున్నవారికి బంతిని అందించాలి, మైదానం నడిమి భాగమంతా దున్నుతూనే ఉండాలి. పంట మాత్రం మరొకరి ఇంటికి చేరుతుంది. గోలు కొట్టినవాని పేరు పత్రికలలో అచ్చవుతుంది. ఆ బంతి ఎవరి పాదం నుండి బయలుదేరినదో మరునాటికే ఎవరికీ జ్ఞాపకం ఉండదు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో ఇరానును 1-0తో ఓడించి స్వర్ణం గెలిచిన భారత బృందంలో నూర్ మహమ్మద్ ఉన్నారు. చరిత్ర ఆ గోలు కొట్టిన మేవాలాల్‌ను మాత్రమే స్మరిస్తుంది. 1952లో హెల్సింకీకి, 1956లో మెల్బోర్నుకు వెళ్ళిన ఒలింపిక్ బృందాలు రెంటిలోనూ ఆయన ఉన్నారు.

అజీజుద్దీన్ రక్షణ పంక్తిలో ఆడేవారు. ఆయన కూడ ఆ రెండు ఒలింపిక్సులకు వెళ్ళారు. రక్షకుని ప్రతిభ జరగని సంఘటనలలో ఉంటుంది. పడని గోలు, అందని బంతి, తీరం దాటని దాడి, ఇవే ఆయన సంపాదన. జరగనిదానిని లెక్క కట్టే పుస్తకం లోకంలో ఎక్కడున్నది? ముందువరుసలో ఆడిన మొయినుద్దీన్ హెల్సింకీ బృందంలో ఒకరు. జమాల్, లాయిఖ్ వంటి సహచరుల పేర్లు పాత క్రీడాభిమానుల సంభాషణలలో తప్ప వినబడడం లేదు.

వీరు మరుగున పడడానికి వీరి ఆటతీరే ఒక కారణం అంటే విచిత్రంగా ఉంటుంది, కాని అది నిజం. రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఒక ఆటగాడు బంతిని తనవద్దనే అట్టిపెట్టుకొని విన్యాసాలు చేయడం ఆయనకు గిట్టేది కాదు. బంతితో పరుగులు తీయడాన్ని నిషేధించి, కేవలం అందించుకొంటూ ఆడవలసిన పోటీలను ఆయన నడిపించారు. బలహీనమైన కాలితో మాత్రమే తన్నవలసిన పోటీలు కూడ పెట్టారు. ఫలితంగా ఆయన శిష్యులు రెండు కాళ్ళతోనూ సమానంగా ఆడగలిగేవారు, ఒకరి స్థానంలో మరొకరు ఇమిడిపోగలిగేవారు. బంతి ఒకరి సొత్తు కాకుండ పదకొండుగురి ఉమ్మడి ఆస్తి అయింది. అలాగే కీర్తి కూడ ఉమ్మడి అయింది. ఉమ్మడి ఆస్తిలో ఎవరి వాటా ఎంతో తరువాతి తరానికి తెలియకుండ పోయింది.

రెండవ కారణం ఇంకా లోతైనది. మోహన్ బగాన్ 1889లో పుట్టింది, ఈస్ట్ బెంగాల్ 1920లో పుట్టింది. అవి సభ్యుల సంఘాలు. వాటికి మైదానంలో గుడారాలు, చందాలు కట్టే అభిమానులు, తండ్రి నుండి కొడుకుకు సంక్రమించే అభిమానం ఉన్నాయి. ఆటగాడు ముదిమి మీరినా, మంచాన పడినా, అతని కథ చెప్పుకొనే ఇండ్లు వేలకొలది ఉంటాయి. హైదరాబాదు సిటీ పోలీసు అటువంటి సంఘం కాదు, అది ఒక ప్రభుత్వశాఖ జట్టు. ఆటగానికి అది కూడుపెట్టే కొలువు, తలకొక టోపీ, నెలకొక జీతం. ఆ రోజులలో అది చిన్న భాగ్యం కాదు, పేద ఇండ్ల బిడ్డలకు అంతకు మించిన భరోసా ఏముంటుంది? కాని శాఖకు సభ్యులుండరు, వారసులుండరు. ఉద్యోగి పదవీ విరమణ చేసిననాడు అతని దస్త్రం మూతపడుతుంది. ఆ దస్త్రంలో సర్వీసు ఎన్నేండ్లో ఉంటుంది గాని, 1954లో అతడు ఎటువంటి బంతిని ఆపాడో ఉండదు.

అందుచేతనే ఒక వింత జరిగింది. ఊరు విడిచి కలకత్తాకు వెళ్ళిన హైదరాబాదువారికి పేరు నిలిచింది, ఊళ్ళోనే ఉండిపోయినవారికి మరుపు మిగిలింది. సికిందరాబాదు వాసి తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. 1960లో రోమ్ ఒలింపిక్సులో హంగరీపైన, పెరూపైన గోలు కొట్టినది ఆయనే. 2023 ఫిబ్రవరిలో కలకత్తాలో ఆయన మరణించినప్పుడు ఆ నగరం కన్నీరు పెట్టింది. అదే సంవత్సరం ఆగస్టులో హైదరాబాదులో మరణించిన మహమ్మద్ హబీబ్ యౌవనమంతా కలకత్తా మైదానాలలో గడచింది. 1977లో పెలే ఆడిన కాస్మాస్ జట్టుపై మోహన్ బగాన్ తరఫున గోలు కొట్టిన ఘనత ఆయనది. వారికి దక్కిన గౌరవం ముమ్మాటికీ న్యాయమైనదే. ఆ గౌరవాన్ని నిలిపినది మాత్రం వారు పుట్టిన ఊరు కాదు, వారు ఆడిన సంఘాలు.

వారి ప్రక్కన యూసుఫ్ ఖాన్‌ను నిలిపి చూస్తే ఈ తేడా తేటతెల్లమవుతుంది. ఆయన ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టును అంటిపెట్టుకొని ఉన్నవారు. ఏ స్థానంలో ఆడమంటే ఆ స్థానంలో ఆడగల నేర్పరి, రహీం బడిలో చదువుకొన్న అసలైన విద్యార్థి. 1960లో రోమ్‌కు వెళ్ళిన బృందంలో ఆయన ఉన్నారు. ఆ ఒలింపిక్సులో భారతదేశం మరల ఫ్రాన్సును ఎదుర్కొని 1-1తో సమానంగా నిలిచింది. అప్పటికి పుదుచ్చేరి పరిపాలన భారతదేశానిదే అయినా, చట్టరీత్యా విలీనం 1962 ఆగస్టు 16 వరకు పూర్తి కాలేదు. అది పూర్తి అయిన మూడు వారాల లోపే, సెప్టెంబరు 4న, జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి భారతదేశం ఆసియా స్వర్ణం గెలిచింది. ఆ విజేతలలోనూ యూసుఫ్ ఖాన్ ఒకరు. 1966లో ఆయనకు అర్జున పురస్కారం లభించింది. జీవిత చరమదశలో పార్కిన్సన్ వ్యాధితో బాధపడి 2006లో కన్నుమూశారు. ఒకనాడు ఏ మూలకు పిలిచినా పరుగెత్తిన శరీరం తుదకు తన మాట తానే వినలేదు. ఆ దినాలలో ఆయనను తలచుకొనవలసిన లక్షలాది మందిలో చాలామందికి ఆయన ఎవరో తెలియదు.

రహీం జకార్తా విజయం తరువాత ఏడాది కూడ జీవించలేదు, 1963 జూన్‌లో క్యాన్సరుతో మరణించారు. ఆయన జీవితం ఆధారంగా 2024లో ‘మైదాన్’ అనే హిందీ చలనచిత్రం వచ్చింది. దానివల్ల కొత్త తరానికి ఆయన పేరు తెలిసింది, అది ఎంతయినా సంతోషించదగిన విషయం. కాని చలనచిత్రానికి ఒక నాయకుడు కావాలి. నూర్ మహమ్మద్ జీవితమంతా చేసిన పనిని మూడు గంటల కథలో చూపడం కష్టం. రహీంకే ఈ పోలిక నచ్చి ఉండదు. బంతిని ఒక్కరే పట్టుకొని పోరాదని నేర్పిన గురువు, చరిత్రను మాత్రం ఒక్కరే పట్టుకొని పోవాలని కోరుకుంటారా?

ఐదేండ్లు వరుసగా వారు గెలిచిన రోవర్స్ కప్పు పోటీలు కూడ ఈ శతాబ్ది తొలినాళ్ళలో ఆగిపోయాయి. ఆ ఆటల చలనచిత్రాలు ఇంటింటా చూచుకొనేటంత లేవు. చూచిన కన్నులు ఒక్కొక్కటిగా మూసుకొంటున్నాయి. మిగిలినవి పాత పత్రికల ప్రతులు, గోడలపై వెలసిన బృంద ఛాయాచిత్రాలు, వాటి క్రింద పొడి అక్షరాలతో వ్రాసిన పేర్లు మాత్రమే.

చేయవలసినది పెద్ద పని కాదు. విగ్రహాలు అక్కరలేదు, కోట్లు అక్కరలేదు. ఫుట్‌బాలు ఆడే పాఠశాలలో ఒక గోడపై ఆ జట్టు పేర్లన్నీ, గోలు కొట్టినవారివే గాక గోలు ఆపినవారివి, బంతి అందించినవారివి కూడ, వరుసగా వ్రాసి ఉంచవచ్చును. ఏ సాయంకాలమో ఆట ముగించి చెమట తుడుచుకొంటున్న పిల్లవాడొకడు ఆ గోడను చూచి, “అజీజుద్దీన్ అంటే ఎవరండీ?” అని తన ఉపాధ్యాయుని అడుగుతాడు. ఆ ఉపాధ్యాయునికి జవాబు తెలిసి ఉండాలి.