‘ముసలిదైపోయింది’ అని వదిలేయకండి

మా ఆసుపత్రి ఓ.పి.లో కుక్క కాట్లు కొత్త కాదు. అన్నీ వీధి కుక్కల కాట్లే అనుకునేరు, పెంపుడు కుక్కలు కరిచినవీ తక్కువేం ఉండవు. అలా వచ్చినవాళ్ళు తరచు అనే మాట ఒకటుంది: “పన్నెండేళ్ళనుంచి మా ఇంట్లోనే ఉందండీ. ఇన్నాళ్ళూ ఎవరి జోలికీ పోలేదు. ఈమధ్యే దాని బుద్ధి మారింది.” నేను చీటీ రాస్తూనే, “ముసలిదైపోయింది కదమ్మా, చాదస్తం” అనేసేవాణ్ణి. ఇన్నేళ్ళ సర్వీసులో ఆ మాట ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. అది ఎంత తొందరపాటు మాటో మా ఇంటి కుక్క చెప్పేదాకా నాకు తెలియలేదు.

మా జిమ్మీ పొమరేనియన్ జాతిది. మా అమ్మాయి ఇంటర్ చదివే రోజుల్లో ఎవరో స్నేహితురాలి ఇంటినుంచి బుట్టలో పెట్టుకుని తెచ్చింది. పోయినేడు దానికి పదమూడు నిండాయి. నా స్కూటరు వీధి మలుపు తిరగ్గానే గేటు దగ్గర తయారుగా నిలబడే కుక్క, నేను హాల్లోకి వచ్చినా పడుకునే ఉండడం మొదలుపెట్టింది. పిలిస్తే పలకదు. గారాబం ఎక్కువై పొగరెక్కిందనుకున్నాం. తర్వాత సోఫా కాలి దగ్గర మూత్రం పోయడం. రాత్రి రెండింటికి లేచి ఇల్లంతా తిరగడం, ఉత్త గోడకేసి మొరగడం. తలుపు మూలలోకి దూరి, వెనక్కి ఎలా రావాలో తెలియక అక్కడే నిలబడిపోయేది. మా ఆవిడకు నిద్ర కరువైంది. ఒక రాత్రి నేను విసుగెత్తి, పేపరు చుట్టి రెండు దెబ్బలు వేశాను. రాయడానికి సిగ్గుగానే ఉంది. కాని మీలోనూ కొందరు ఆ పని చేసే ఉంటారు కనుక దాచడం లేదు.

సంక్రాంతికి అమ్మాయి, అల్లుడు, ఐదేళ్ళ మనవడు వచ్చారు. భోగి నాటి మధ్యాహ్నం నిద్రపోతున్న జిమ్మీని వాడు వెనకనుంచి మెడ చుట్టూ చేతులు వేసి కావలించుకున్నాడు. అది చటుక్కున తిరిగి మణికట్టు పట్టుకుంది. రెండు గాట్లు, రక్తం.

మిగతా కథ తర్వాత చెబుతాను, ముందు ఈ సంగతి వినండి. వాడి చెయ్యి కొళాయి కింద పెట్టి, గడియారం చూసుకుంటూ పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగాను. పక్కింటావిడ సున్నం పట్టుకొచ్చారు, వద్దన్నాను. సున్నం, కారం, పసుపు ఏదీ పెట్టకూడదు. “ఏటేటా టీకా వేయించిన కుక్కే కదండీ” అంది మా ఆవిడ. అయినా ఆ పూటే తీసుకెళ్ళి టీకా మొదలుపెట్టించాను. రక్తం వచ్చిన గాయం కనుక గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వేయించాను. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని బతికించగల వైద్యం మా దగ్గర లేదు, అందుకే ‘మన కుక్కే కదా’ అనే మొహమాటం ఇక్కడ పనికిరాదు. బొడ్డు చుట్టూ పధ్నాలుగు సూదులు అని ఇంకా భయపడేవాళ్ళున్నారు. ఆ పాత టీకా తయారీ మన దేశంలో ఆగిపోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఇప్పుడు వేసేది జబ్బకే, నాలుగైదు రోజుల్లో ముగిసే పని కాదుగాని, నెలలోపు నాలుగైదుసార్లు వెళితే చాలు. కరిచిన కుక్కను చంపకుండా, తరిమేయకుండా పది రోజులు కట్టి ఉంచి చూడాలి. రేబిస్‌తో కరిచిన కుక్క సాధారణంగా ఆ పది రోజులు దాటదు. ఆ తర్వాత మిగతా సూదుల సంగతి డాక్టరు చెబుతారు.

ఆ రాత్రి ఇంట్లో పంచాయితీ జరిగింది. “నాన్నా, పసివాడు తిరిగే ఇల్లు. ఎవరికైనా ఇచ్చేయండి, లేకపోతే ఇంజక్షన్ చేయించేయండి” అంది మా అమ్మాయి. బుట్టలో పెట్టుకుని తెచ్చిన పిల్లే ఆ మాట అంది. తల్లిగా ఆమెను తప్పు పట్టలేను. నేనూ సరేననే స్థితిలోనే ఉన్నాను.

మా అమ్మకు ఎనభై రెండేళ్ళు. చెవులు సరిగా వినపడవు. మిషను కొనిచ్చినా గుయ్యిమంటుందని పెట్టుకోదు. పడక కుర్చీలో కూర్చుని మా మొహాలు చూస్తోంది. ఏం జరుగుతోందో గట్టిగా చెబితే, “దానికి వినపడ్డం లేదురా, నాకు మల్లేనే. మీరంతా వెనకనుంచి వచ్చి ముట్టుకుంటే నేనూ ఉలిక్కిపడి ఛస్తున్నాను. నాకు పళ్ళు లేవు గనక సరిపోయింది” అంది.

అందరం నవ్వాం. కాని నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారగానే జిమ్మీ వెనకాల నిలబడి పళ్ళెం మీద గరిటెతో కొట్టాను. చెవి కూడా కదల్లేదు. ఎంతమంది ముసలివాళ్ళ చెవులు పరీక్ష చేసి ఉంటానో! ఇంట్లో కుక్క చెవిటిదైన సంగతి చెవిటి తల్లి చెబితేగాని తెలియలేదు.

పశువైద్యశాలలో డాక్టరు మా అమ్మాయి ఈడు పిల్ల. జిమ్మీ నోరు తెరిచి చూపించింది. వెనక దవడ పన్ను పుచ్చి, చిగురు కింద చీము పట్టి ఉంది. అది ముద్దలు నమలకుండా మింగుతుంటే ఆబ అనుకున్నాం. తుంటి కీళ్ళు పట్టేసి ఉన్నాయి. అరుగు దిగి బయటికి పోవాలంటే నొప్పి, అందుకే సోఫా కాలు. మనవడు ఎక్కడ కావలించుకున్నాడో గుర్తుందా? ఆ దవడ పక్కనే. కళ్ళు నీలంగా మబ్బు పట్టినట్టుంటే శుక్లాలు అనుకున్నాను. అది ముసలి కుక్కల్లో మామూలేననీ, దానివల్ల చూపు పెద్దగా పోదనీ ఆ అమ్మాయి చెప్పింది.

ఇంకో సంగతి. ఆ ఉదయం బయల్దేరే ముందు దాని కుంటు చూసి, నొప్పికి వాడే ఐబూప్రొఫెన్ మాత్ర సగం తుంచి, మళ్ళీ ఎందుకో ఆగాను. ఆ మాటే చెబితే, “ఇవ్వకపోవడం మంచిదయింది సార్” అంది. మనుషుల ఐబూప్రొఫెన్ కుక్కకు కడుపులో పుండ్లు చేస్తుంది, మూత్రపిండాలు పాడుచేస్తుంది. పారాసెట్మాల్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పిల్లికైతే ఒక్క మాత్రే ప్రాణం తీయగలదు. ఎం.బి.బి.ఎస్. చదివిన నాకే తెలియనప్పుడు మీరు మందుల షాపు సలహాతో అస్సలు ప్రయత్నించకండి.

కుక్క గుణం మారినప్పుడు, మార్పు ఎన్నాళ్ళలో వచ్చిందో ముందు చూడండి. ముసలితనపు మార్పు నెలల తరబడి మెల్లగా వస్తుంది. రెండు మూడు రోజుల్లో ఉన్నట్టుండి మారితే, చొల్లు కారుస్తూ మింగలేకపోతుంటే, దగ్గరికి పోకుండా పశువైద్యుడికి కబురు చేయండి. నీళ్ళు విపరీతంగా తాగుతుంటే చక్కెర వ్యాధో, మూత్రపిండాల జబ్బో కావచ్చు. ఆపరేషన్ చేయించని ఆడకుక్కైతే గర్భసంచిలో చీము పట్టిందేమో కూడా చూడాలి, అది ఆలస్యం చేస్తే ప్రాణం పోయే జబ్బు. మూత్రం ఎక్కువ పోస్తోందని నీళ్ళ గిన్నె మాత్రం తీసేయకండి.

ఈ జబ్బులేవీ లేకుండా, రాత్రి పగలు తారుమారై, తెలిసిన ఇంట్లోనే దారి తప్పుతుంటే అది మెదడు వార్ధక్యం. మనుషుల్లో అల్జీమర్స్ జబ్బులో మెదడులో పేరుకునే అమిలాయిడ్ పదార్థమే ముసలి కుక్కల మెదళ్ళలోనూ పేరుకుంటుంది. జిమ్మీకి కొంత అదీ ఉంది. పూర్తిగా నయం చేసే మందు లేదు. పార్కిన్సన్ జబ్బుకు మేం వాడే సెలిజిలిన్‌ను కొందరు పశువైద్యులు కుక్కలకూ రాస్తారు, అది వాళ్ళ చేతిలోని పని.

జిమ్మీకి పన్ను తీసేశారు, కీళ్ళకు కుక్కల మందే రాశారు. మూడో వారానికి గుర్రుమనడం తగ్గింది. ఇంట్లో మేం చేసింది పెద్దగా ఏమీ లేదు. గచ్చు మీద కాళ్ళు జారకుండా అది నడిచే దారంతా గోనెపట్టాలు పరిచాం. హాల్లో జీరో బల్బు వెలుగుతుంది. సోఫా, బల్ల, నీళ్ళ గిన్నె వాటి చోట్లు మారవు. పడుకునే ముందు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి నేనే ఎత్తుకుని వాకిట్లోకి దింపుతాను. లేపాలంటే ముందు నేల మీద కాలితో తడతాం, ఆ అదురు దానికి తెలుస్తుంది, లేదా ముక్కు దగ్గర చెయ్యి పెడతాం, వాసన చూసి తనే లేస్తుంది. నిద్రపోతున్నప్పుడు, తింటున్నప్పుడు ముట్టుకోకూడదని మనవడికి చెప్పాం. అయినా చిన్నపిల్లల్నీ దాన్నీ ఒకే గదిలో ఒంటరిగా వదలం. ఇది మీరూ మరవకండి. ఎంత మంచి కుక్కైనా సరే.

మత్తు ఇచ్చి చివరి ఇంజక్షన్ చేయించే రోజు రాదని నేను అనను. తిండి మానేసి, మందులకు లొంగని నొప్పితో మూలుగుతుంటే అదీ వైద్యమే. పశువైద్యుడితో, ఇంటిల్లిపాదితో కూర్చుని పగటిపూట తీసుకోవలసిన నిర్ణయం అది. హాల్లో మూత్రం పోసిన రాత్రి మాత్రం తీసుకోకండి. మేం అలాగే తీసుకోబోయాం.

ఇప్పటికీ కొన్ని రాత్రులు రెండింటికి లేస్తుంది. మా అమ్మకూ ఆ వేళకు మెలకువ వస్తుంది. మొన్న చప్పుడై నేను లేచి వెళితే, ఆవిడ కుర్చీలో, అది కాళ్ళ దగ్గర గోనెపట్టా మీద. “నువ్వెందుకురా లేచావు, పొద్దున్నే డ్యూటీ ఉంది, పోయి పడుకో” అంది.