సుగ్గికి పోయిన క్లాసు

పొద్దున్నే ఆదోని మార్కెట్ యార్డుకి వెళ్తే ఎటు చూసినా పత్తే. బట్టల వ్యాపారం జోరు మీద ఈ ఊరిని రెండో బొంబాయి అనేవాళ్లు. అక్కడే రైలెక్కితే కాసేపట్లో కోసిగి. సంక్రాంతి తర్వాత ఊళ్లోకి వెళ్లి చూడండి, ఇళ్లకి వరసగా తాళాలు.

"అందరూ సుగ్గికి పోయినారప్పా" అంది అరుగు మీది అవ్వ.

సుగ్గి అంటే గుంటూరు వైపు మిరపకోతలకి, పత్తి తీతకి వలస. పత్తికి కూలి కిలోల లెక్క, పిల్లల చేతులకీ పనే. చంటోడుంటే కాపలాకి అక్క. 2011 లెక్కల్లో కడప జిల్లా అక్షరాస్యత 67.30 శాతం, కర్నూలుది 59.97. వలస పిల్లలకి సీజనల్ హాస్టళ్లున్నాయి, కానీ కుటుంబం బండెక్కేలోపే తెరవాలి!

"పెద్దపాపను మాత్రం పంపలా. పది పరీక్ష రాయల్ల కదా, నా కాడే ఉంది" అంది అవ్వ.