సేల్‌లో ఏ గేమ్ కొనాలి? మా రూమ్ లెక్క



నవంబర్ ఆఖరు వచ్చిందంటే దుబాయ్‌లో ఏ అంగడి చూసినా సేల్ స్టిక్కర్లే. అమెరికాలో బ్లాక్ ఫ్రైడే అనేదాన్ని ఇక్కడ వైట్ ఫ్రైడే అంటారు. శుక్రవారం ఇక్కడివాళ్లకు పవిత్రమైన రోజు, దానికి నలుపు పేరు బాగుండదని 2014లో సౌక్ అనే ఆన్‌లైన్ దుకాణం ఈ పేరు మొదలుపెట్టింది. ఇప్పుడు చాలా దుకాణాలది అదే పేరు. టీవీలు, ఫోన్లు, కుక్కర్లు, బూట్లు అన్నిటి మీదా తగ్గింపే. వాటితో పాటు వీడియో గేమ్‌ల మీద కూడా.

సోనాపూర్‌లో మా రూమ్‌లో ఏడుగురం ఉంటాం. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి నలుగురం, కడప వైపు నుంచి ఇద్దరు, కోనసీమ నుంచి ఒకరు. రెండేళ్ల కింద తలా కొంత వేసుకొని ఒక పాత పీఎస్4 కొన్నాం. రెండు కంట్రోలర్లు, 500 జీబీ హార్డ్ డిస్క్. టీవీ మాత్రం పక్క రూమ్ వాళ్లు కాంట్రాక్ట్ అయిపోయి ఇంటికి పోతూ ఇచ్చి వెళ్లారు.

సేల్ అనగానే కొందరు అంటారు, "ఎడారికి వచ్చింది పైసలు సంపాదించనీకా, ఆటలాడనీకా?" అని. అడగాల్సిన మాటే. అందుకే మా రూమ్‌లో మొదటి రూల్ ఇది: జీతం పడ్డాక ఇంటికి పంపేది పంపి, మెస్ పైసలు కట్టి, ఆ తర్వాతే గేమ్ మాట ఎత్తాలి. చిట్టీ బాకీ ఉన్నోడు, పిల్లల ఫీజు దగ్గరపడ్డోడు ముందు అది చూసుకోవాలి. ఆ రూల్ దాటకుండా ఇరవై అయిదు దిర్హమ్‌లు మన సంతోషానికి పెట్టుకుంటే తప్పు లేదు. నెలంతా ఇంటికోసం పనిచేసే మనిషికి ఒక సాయంత్రం తనకోసం ఉండాలి కదా. ఇంటి నుంచి ఫోన్ వచ్చినప్పుడు టీవీ సౌండ్ తగ్గిస్తాం, అది మాట వినపడటానికి. దాచిపెట్టడానికి కాదు.

రెండో ముచ్చట దగ్గరే గొడవ వచ్చింది. ఆరుగురం తలా ఇరవై అయిదు వేస్తే నూట యాభై అయింది. ఏడోవాడు కడప తమ్ముడు, వచ్చి ఐదు నెలలే. వీసా కోసం తెచ్చిన అప్పుకి ఇంకా మిత్తి కడుతున్నాడు. వాడి దగ్గర పైసలు తీసుకోవద్దని అందరం అనుకున్నాం. అయితే ఏ గేమ్ కొనాలన్న దాంట్లో వాడికి ఓటు ఉందా, లేదా?

"పైసలు పెట్టినోడికే ఓటు" అని ఒకరన్నారు. "నాకేం వద్దులే అన్నా, మీరు ఏది కొంటే అది ఆడతా" అని తమ్ముడు బయటికి పోబోయాడు. అప్పుడు మా పెద్దన్న మాట్లాడాడు. ఆయనకు యాభై దాటాయి, మెట్‌పల్లి దగ్గర ఊరు, పద్దెనిమిదేళ్లుగా గల్ఫ్‌లోనే. కంట్రోలర్ ఒక్కసారి కూడా పట్టలేదు, అయినా తన ఇరవై అయిదు అందరికన్నా ముందు పెట్టాడు. "నాకు ఆడరాదు, నేను పైసలిచ్చిన. వానికి ఆడొస్తది, వాడు ఇయ్యలే. రూమ్ ఇద్దరిది. ఓటు ఏడుగురికి" అన్నాడు. అంతే, ఇంకెవరూ ఏం అనలేదు.

ఇక అసలు లెక్క. సేల్‌లో అందరం ముందు చూసేది శాతం. ఎనభై శాతం తగ్గింపు అని కనపడగానే చెయ్యి ఆగదు. కానీ అరవై డాలర్ల గేమ్ పన్నెండు డాలర్లకు వచ్చినా, దాన్ని ఆడే టైమ్ మన దగ్గర లేకపోతే ఆ పన్నెండు డాలర్లు పోయినట్టే. మాకున్నది వారానికి ఒక్క సెలవు. ఆ రోజే బట్టలు ఉతకాలి, కటింగ్ చేయించుకోవాలి, కూరగాయలు తేవాలి, ఇంటికి తీరిగ్గా మాట్లాడాలి. అవన్నీ పోగా ఆటకు మిగిలేది ఆరు గంటలు. ఏడుగురికి ఆరు గంటలు. అందుకే మేం ఒక్కో గేమ్‌ను ఇలా చూశాం: ఒక మనిషికి మళ్లీ వంతు రావడానికి ఎంతసేపు పడుతుంది? వంతు లేనివాళ్లకు చూడటానికి ఏముంది?

టెక్కెన్ 7 తీసుకోండి. ఇద్దరు కొట్టుకుంటారు, మూడు రౌండ్లు ముందు గెలిచినోడు గెలిచినట్టు. మూడు, నాలుగు నిమిషాల్లో ఆట అయిపోతుంది. ఓడినోడు లేస్తాడు, పక్కవాడు కూర్చుంటాడు. ఏడుగురు ఉన్నా పావుగంట, ఇరవై నిమిషాల్లో వంతు తిరిగి వస్తుంది. బటన్లు తెలియనివాడు కూడా ఏదో ఒకటి నొక్కి ఒక్కోసారి గెలుస్తాడు. ఆ రోజు రూమ్ అంతా వాడిదే.

ఫుట్‌బాల్ గేమ్‌కు మ్యాచ్ అంటే పావుగంట. కోనసీమ తమ్ముడు దానికోసం పట్టుబట్టాడు. ఇందులో ఒక సంగతి అందరికీ తెలిసి ఉండాలి. ఈఏ కంపెనీ ఫుట్‌బాల్ గేమ్ ప్రతి ఏడాది సెప్టెంబర్ ప్రాంతంలో కొత్తది వస్తుంది. 2023లో ఫిఫా పేరు పోయి ఎఫ్‌సీ 24 అయింది. కొత్తది రాగానే పాతదాని రేటు పడిపోతుంది. ఒకే టీవీ ముందు ఇద్దరు కూర్చొని ఆడటానికి పాతదైనా ఒకటే, కొత్తదైనా ఒకటే. మారేది ఎక్కువగా ఆటగాళ్ల జట్లు, కొద్దిగా బొమ్మలు. మా దగ్గర పక్క రూమ్ వాళ్లు ఇచ్చిన పాత ఫిఫా డిస్క్ ఉంది. అందుకని ఈసారికి దాన్ని పక్కన పెట్టాం.

క్రికెట్ మీద ఓటింగ్ అక్కర్లేదు, అందరి చెయ్యీ లేచింది. ఊళ్లో నెట్ సెంటర్‌లో గంటకు పది రూపాయలిచ్చి ఈఏ క్రికెట్ 07 ఆడిన తరం మాది. ఆ తర్వాత ఆ కంపెనీ క్రికెట్ గేమ్ మళ్లీ తీయలేదు. ఇప్పుడు పీఎస్4కు బిగ్ యాంట్ అనే ఆస్ట్రేలియా కంపెనీ క్రికెట్ 24 ఉంది, 2023 అక్టోబర్‌లో వచ్చింది. ఐదు ఓవర్ల మ్యాచ్ పెట్టుకుంటే అరగంట పైనే పడుతుంది, వంతు ఆలస్యమే. కానీ క్రికెట్‌లో ఇద్దరు ఆడుతుంటే మిగతా ఐదుగురు ఖాళీగా ఉండరు. అందరూ అంపైర్లే, అందరూ కెప్టెన్లే. జగిత్యాల ఒక టీమ్, కడప ఒక టీమ్ అయ్యాక ఇక చూడాలి.

అసలు వాదన రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 మీద. 2018లో వచ్చిన గేమ్, 1899 నాటి అమెరికా కథ, గుర్రాలు, తుపాకులు, దోపిడీ ముఠా. కథ పూర్తి చేయాలంటే యాభై గంటల దాకా పడుతుంది. వారానికి రెండు గంటలు ఆడితే ఆరు నెలలు. పైగా ఒక్కడే ఆడాలి, ఆరుగురు చూడాలి. మా లెక్క ప్రకారం అది మొదటే పోవాలి.

పెద్దన్న ఓటు దానికే. యూట్యూబ్‌లో తమ్ముళ్లు చూపించిన వీడియోలో ఆ గేమ్ మొదలంతా మంచు. కొండలు, మంచులో గుర్రాలు మునిగిపోతూ నడవడం. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని ఆపాలని ఇక్కడ చట్టమే ఉన్న దేశంలో, ఆ మంచు చూసి ఆయన కళ్లు తిప్పలేదు. ఇంకొకటి, ఆ గేమ్‌లో గుర్రానికి మేత పెట్టాలి, ఒళ్లు తోమాలి, లేకపోతే సరిగ్గా పరుగెత్తదు. ఇంటి దగ్గర జత ఎడ్లను అమ్మి మొదటి వీసాకు డబ్బు కట్టిన మనిషి ఆయన. "కాల్చుడు గీల్చుడు మీరు చేసుకోండ్రి. గుర్రాన్ని మాత్రం మంచిగ చూడుండ్రి, నేను చూస్త" అన్నాడు. ఇరవై అయిదు పెట్టి ఆయన అడిగింది అంతే. చూసేవాళ్లను కూడా లెక్కలో పెట్టాలని మేమే అన్నాం కదా. దానికి ఐదు ఓట్లు పడ్డాయి.

ఇక ఎలా కొనాలన్నది. ఇక్కడే మనలాంటి వాళ్లం జాగ్రత్తగా ఉండాలి.

ప్లేస్టేషన్ స్టోర్‌లో కొన్న గేమ్ రూమ్‌ది కాదు, ఎవరి అకౌంట్‌లో కొన్నామో వాళ్లది. డిస్క్ అయితే అల్మరాలో ఉంటుంది, మనిషి పోయినా డిస్క్ ఉంటుంది, ఇష్టం లేకపోతే అమ్ముకోవచ్చు. స్టోర్‌లో కొన్నది అమ్మలేం. మన రూమ్‌లలో మనుషులు ఎప్పుడు మారతారో తెలియదు. ఒకరికి వీసా క్యాన్సిల్, ఒకరికి వేరే సైట్, ఒకరు పూర్తిగా ఇంటికి. పోయినేడాది మా రూమ్ నుంచి ఒకన్న అలాగే జగిత్యాల వెళ్లిపోయాడు. పోయేముందు తన అకౌంట్‌ను మా పీఎస్4లో ప్రైమరీగా అలాగే ఉంచి వెళ్లాడు. ప్రైమరీ చేసిన మెషిన్‌లో ఆ అకౌంట్ గేమ్‌లను మిగతా అకౌంట్ల వాళ్లు కూడా ఆడుకోవచ్చు. అందువల్ల ఆయన కొన్నవి మాకు ఇంకా నడుస్తున్నాయి. ఆన్ చేసినప్పుడల్లా స్క్రీన్ మీద ఆయన పేరు కనపడుతుంది. ఆయన మంచితనం అది. అందరూ అలా ఉంటారని లెక్క వేసుకోలేం.

కాబట్టి మేం పెట్టుకున్న పద్ధతి: డిస్క్ దొరికేది డిస్కే కొనాలి, పాతదైనా సరే. డిస్క్ వెనక వెలుతురులో పెట్టి గీతలు చూసుకోవాలి. రెడ్ డెడ్‌కు రెండు డిస్కులు ఉంటాయి, రెండూ ఉన్నాయో లేదో చూడాలి. డిస్క్‌లో ఇంకో లాభం ఉంది. ఆ గేమ్ డౌన్‌లోడ్ వంద జీబీ దాకా ఉంటుంది. కాంప్ వైఫై సెకనుకు రెండు మెగాబిట్లు ఇస్తే నాలుగున్నర రోజులు ఆగకుండా నడవాలి. అప్పటిదాకా రూమ్‌లో ఎవరికీ ఇంటికి వీడియో కాల్ కలవదు. గేమ్ కోసం ఒకడి బిడ్డ ముఖం ఆగిపోవడం మాకు ఒప్పుకాదు.

స్టోర్‌లో తప్పనిసరి అయితే, ఎవరి వీసా ఎక్కువ రోజులు ఉందో వాళ్ల అకౌంట్‌లో కొనాలి. నవ్వకండి, మేం నిజంగా ఏడుగురి వీసా తేదీలు పక్కపక్కన పెట్టి చూశాం. అందరికన్నా ఎక్కువ రోజులున్నది కడప తమ్ముడికే. పైసలు పెట్టని వాడి పేరు మీదే క్రికెట్ వచ్చింది.

చివరికి లెక్క ఇది. పాత డిస్క్ టెక్కెన్ 7 నలభై దిర్హమ్‌లు. పాత డిస్కులు రెడ్ డెడ్ 2 యాభై. క్రికెట్ 24 పాత డిస్క్ మాకు దొరకలేదు, స్టోర్ సేల్‌లో పదిహేను డాలర్లకు ఉంది. డాలర్‌కు 3.67 చొప్పున యాభై అయిదు దిర్హమ్‌లు. మొత్తం నూట నలభై అయిదు. మిగిలిన ఐదు దిర్హమ్‌లకు ఐదు కరక్ చాయ్‌లు, ఏడుగురం పంచుకున్నాం.

కొనబోయేవాళ్లకు ఇంకో నాలుగు మాటలు.

గిఫ్ట్ కార్డు ఏ దేశానిదో చూసి కొనండి. ఇండియా అకౌంట్‌లో ఇక్కడి కార్డు పనిచేయదు, ఇక్కడి అకౌంట్‌లో అక్కడి కార్డు పనిచేయదు.

ఒకే టీవీ ముందు కూర్చొని ఆడటానికి పీఎస్ ప్లస్ నెల చందా అక్కర్లేదు. కొన్న గేమ్‌ను ఆన్‌లైన్‌లో వేరేవాళ్లతో ఆడాలంటేనే అది కావాలి.

ప్లేస్టేషన్ స్టోర్‌లో పద్నాలుగు రోజుల్లో పైసలు వాపస్ అడగొచ్చు, కానీ డౌన్‌లోడ్ మొదలుపెట్టకుండా ఉంటేనే. అందుకని ఆటో డౌన్‌లోడ్ ఆపి పెట్టుకోండి. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకు స్టీమ్‌లో కొంచెం నయం. పద్నాలుగు రోజుల లోపల, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే వాపస్ ఇస్తారు.

అన్నిటికన్నా ముఖ్యం, తొందర వద్దు. సేల్ పోతే మళ్లీ రాదేమో అనిపించేటట్టు పక్కన గడియారం పెడతారు. కానీ జూన్ దగ్గర డేస్ ఆఫ్ ప్లే, ఎండాకాలం సేల్, నవంబర్ సేల్, డిసెంబర్ ఆఖరి సేల్ ప్రతి ఏడాది వస్తూనే ఉంటాయి. మన వీసా రెన్యువల్ రెండేళ్లకోసారి, సేల్ రెండు మూడు నెలలకోసారి. నచ్చిన గేమ్‌ను విష్‌లిస్ట్‌లో పెట్టండి, రేటు తగ్గితే ఫోన్‌కు అదే చెప్తుంది. మా కోనసీమ తమ్ముడి ఫుట్‌బాల్ ఇప్పుడు ఆ లిస్ట్‌లోనే ఉంది.

కడప తమ్ముడికి అప్పు జూన్ లోపల తీరేటట్టు ఉంది. వచ్చే సేల్‌కు తన ఇరవై అయిదు అందరికన్నా ముందు పెడతానని అంటున్నాడు. పెట్టినా, పెట్టకపోయినా వాడి ఓటు వాడికి ఉంటుంది.