మామ్మ గొంతు

బీరువాలో బంగారం ఉన్నదో లేదో పండుగకొకసారి తీసి చూసుకుంటాము. కంప్యూటరులో దాచినదాన్ని మాత్రం దాచిన రోజునే మరచిపోతాము. మేమూ ఆ కోవలోని వారమే. మాకు జరిగినది నలుగురికీ పనికివస్తుందని ఇక్కడ రాస్తున్నాము.

బరంపురంలో మాది నాలుగో తరం. ఆఫీసులో, బజారులో ఒడియా. గడప దాటి లోపలికి వస్తే తెలుగు. మా మామ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు, 1936 ఏప్రిల్ 1న, మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీ నుండి ఒరిస్సాలోకి వచ్చింది. ఆ నాటి ముచ్చట్లు, పెళ్ళిపాటలు ఆమె చెబుతూ ఉంటే మా నాన్నగారు నాలుగు క్యాసెట్లలో పట్టారు. మామ్మ పోయింది. క్యాసెట్లకు బూజు పట్టింది. అవి పూర్తిగా పాడుకాకముందే కంప్యూటరులోకి ఎక్కించి, రౌటరుకు తగిలించిన డిస్కులో ఒక నకలు వేసి, ఇక దిగులు లేదనుకున్నాము.

మొన్న వేసవిలో పాత కంప్యూటరును మార్పిడికి ఇచ్చి కొత్తది తెచ్చాము. చూద్దుముగదా, డిస్కు కనిపించదు! దాని లైటు వెలుగుతూనే ఉన్నది. తీగ మార్చాము, రౌటరు ఆర్పి వెలిగించాము. లాభం లేకపోయింది. చివరకు డిస్కును ఊడదీసి కంప్యూటరుకే తగిలిస్తే, ఫార్మాట్ చేయమంటారా అని అడిగింది. మేము గుమాస్తాలము, అడిగినచోట సంతకం పెట్టడం అలవాటు. సరేననబోతుండగా మా అమ్మాయి చెయ్యి పట్టుకుని, “ఆగండి నాన్నా, బావను అడుగుదాము” అన్నది.

మేనల్లుడు ఫోనులో విని, “ఫార్మాట్ అంటే తుడిచివేయడం, మామయ్యా! డిస్కు చెడి ఉండదు. మీ రౌటరు దాన్ని లినక్సు పద్ధతిలో అమర్చుకొని ఉంటుంది. విండోస్‌కు ఆ లిపి రాదు. చదవరాని కాగితాన్ని తెల్లకాగితమనుకుంటున్నది” అన్నాడు.

మరి రౌటరు ద్వారా ఎందుకు కనిపించలేదని అడిగాము. పదేళ్ళు దాటిన మా రౌటరుకు ఎస్ఎంబీ-1 అనే పాత భాష ఒక్కటే వచ్చునట. 2017 మే నెలలో వాన్నాక్రై అనే తెగులు ఆ భాషలోని లోపం గుండానే దేశదేశాలకు పాకింది. ఆ ఏడాది చివరినుండి విండోస్‌లో దాన్ని క్రమంగా తీసివేస్తూ వచ్చారు. పాత కంప్యూటరుకు ఆ భాష వచ్చు, కొత్తదానికి రాదు. “దాన్ని మళ్ళీ తెరవకండి, రౌటరే మార్చండి” అన్నాడు.

అతడు చెప్పినట్టు ఒక పెన్‌డ్రైవ్‌లో లినక్సు వేసి, దానితో కంప్యూటరును నడిపాము. డిస్కు తెరచుకున్నది! మామ్మ గొంతు విని మా ఆవిడ కళ్ళు తుడుచుకున్నది. మూడు క్యాసెట్లు నిక్షేపంగా ఉన్నవి. నాలుగోది పాట మధ్యలో తెగిపోయింది. నకలు వేస్తున్నప్పుడు కరెంటు పోయిన సంగతి అప్పుడు గుర్తుకు వచ్చింది. ఫైలు పేరు చూసి సంతోషించామేగాని, ఒక్కనాడూ చివరిదాకా వినలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారి మేనల్లుడే ఫోను చేశాడు. వాళ్ళ అమ్మ, అంటే పర్లాకిమిడిలో ఉన్న మా అక్క, ఎప్పుడో సంక్రాంతికి వచ్చి పెన్‌డ్రైవ్‌లో వేయించుకుని వెళ్ళిందట. అందులో నాలుగూ పూర్తిగా ఉన్నవి. మా జాగ్రత్త చేయలేని పని అక్క అభిమానం చేసింది.

ముఖ్యమైనదానికి మూడు ప్రతులు ఉండాలని, అవి రెండు రకాల సాధనాలలో ఉండాలని, ఒకటి వేరే చోట ఉండాలని తెలిసినవారు చెబుతారు. దానికి మేము నాలుగోది చేర్చుకున్నాము: దాచినదాన్ని తెరచి చూడాలి. ఇప్పుడు ప్రతి నెలా మొదటి ఆదివారం కాఫీల వేళ మా ఇంట్లో మామ్మ మాట్లాడుతుంది. డిస్కు పరీక్ష అవుతుంది. పిల్లలకు తెలుగు చెవిన పడుతుంది.