గడీలోని చీకటి

హుస్సేనీఆలంలోని ఖుర్షీద్ జా దేవిడీ స్తంభములను చూచి మేమును మురియుదుము. అట్టి లోగిళ్లలో చాకిరి చేసినవారి గదులను మాత్రము ఎవరును చూపరు. అందుచేతనే బి. నరసింగరావుగారి 'దాసి' (1988) మాకు ప్రియమైనది. దొరసాని వెంట ఆడపిల్లను అరణముగా పంపు ఆచారము నిజాము రాజ్యమున నుండెను. ఈ చిత్రమున గడీ దాసి కమలాక్షి దొరవలన గర్భిణియై, నిర్బంధముచే ఆ గర్భమును పోగొట్టుకొనును.

ఉత్తమ తెలుగు చిత్రమన్న జాతీయ పురస్కారముగాక, నటి అర్చనకును, ఛాయాగ్రాహకులు అపూర్వ కిశోర్ బీర్ గారికిని, దుస్తులు కూర్చిన సుదర్శన్ గారికిని పురస్కారములు వచ్చినవి. కళాదర్శకత్వమునకు పొందిన తోట వైకుంఠముగారు చిత్రకారులు; తెలంగాణ స్త్రీల బొట్టును, చీరకట్టును ఎఱిగిన చేయి వారిది.

అన్యాయమును ఇంత అందముగా చూపవలెనా యని కొందఱందురు. గడీ అందమైనదే, ఎవరి రెక్కలపై నిలిచెనో చూపుటయే కష్టము.

పాతబస్తీలో పెక్కు దేవిడీలు కూలినవి. మిగిలినవానికి ఛాయాచిత్రములు తీయు యువకులారా, వంటయింటి వెనుక వాకిలినిగూడ తీయుడు.