ఫారెస్టు గార్డు కొడుకు వేటకెళ్లాడు

ఇషాపూర్‌లో తయారైన పాత రైఫిల్‌తో పెన్సిల్వేనియా అడవిలో ఒక రోజు. జన్నారంలో ఉన్న తండ్రికి ఆ సంగతి చెప్పడమే అన్నిటికన్నా కష్టమైంది.

బల్ల మీద పాత తువ్వాలు పరిచి దాని మీద రైఫిల్ పెట్టాడు పెద్దాయన. "బాగా చూసుకో, మీ దేశపు సరుకే" అన్నాడు నవ్వుతూ. టార్చి వెలుగులో చూస్తే నిజమే. మడమ మొదలయ్యే చోట ఇనుప పట్టీ మీద అశోక స్తంభం సింహాలు, ఆర్ ఎఫ్ ఐ అనే అక్షరాలు, 1967 అనే అంకె. రైఫిల్ ఫ్యాక్టరీ, ఇషాపూర్. హుగ్లీ ఒడ్డున తయారైన తుపాకి అమెరికా అడవి అంచుకు చేరింది.

2022 నవంబర్ 26, శనివారం, తెల్లవారుజామున ఐదు గంటలు. పెన్సిల్వేనియా రాష్ట్రం వాయవ్య భాగంలో, అలెగనీ జాతీయ అరణ్యం పక్కన రెండు గదుల చెక్క ఇల్లు. జింకల వేట సీజన్‌కు అది తొలి రోజు. దశాబ్దాల పాటు ఈ సీజన్ థ్యాంక్స్‌గివింగ్ పండుగ తర్వాతి సోమవారం మొదలయ్యేది. ఆ రోజు పల్లెల్లో చాలా బళ్లకు సెలవిచ్చేవారు. 2019 నుంచి దాన్ని శనివారానికి మార్చారు. 71 ఏళ్ల పెద్దాయన యాభైకి పైగా సీజన్లు చూశాడు. పిట్స్‌బర్గ్‌లో ఆయన పక్కింట్లో ఉండే 38 ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకు ఇదే మొదటిది.

ఆ రైఫిల్‌కో చరిత్ర ఉంది. 1962లో చైనాతో యుద్ధం తర్వాత భారత సైన్యానికి ఆధునిక ఆయుధాల కొరత తెలిసొచ్చింది. కొత్త ఆటోమేటిక్ రైఫిళ్లు సరిపడా వచ్చేలోగా, బ్రిటిష్ వారు వదిలిపోయిన త్రీనాట్‌త్రీ నమూనానే 7.62 ఎంఎం తూటాకు సరిపోయేలా మార్చి ఇషాపూర్‌లో తయారు చేశారు. కాలం చెల్లాక వాటిలో చాలా రైఫిళ్లు మిగులు సరుకుగా అమెరికా మార్కెట్‌కు చేరాయి. పెద్దాయన దాన్ని 1990లలో కొన్నాడు. పాత త్రీనాట్‌త్రీ మాత్రం ఇండియాలో పోలీసుల భుజాన ఇంకా చాలాకాలం వేలాడింది. ముంబైలో 2008 నవంబర్ 26న రైల్వే స్టేషన్లో ఏకే-47లను ఎదుర్కోవలసి వచ్చినప్పుడు పోలీసుల చేతిలో ఉన్నది అదే. ఉత్తరప్రదేశ్ పోలీసులు దానికి వీడ్కోలు పలికింది 2020 గణతంత్ర దినోత్సవ కవాతులో.

జన్నారంలో పెరిగిన అతనికి ఆ తుపాకి ఆకారం కొత్త కాదు. చిన్నప్పుడు పోలీస్ స్టేషన్ ముందు సెంట్రీ చేతిలో చూసేవాడు. తండ్రి చేతిలో మాత్రం ఏనాడూ చూడలేదు. తండ్రి అటవీ శాఖలో బీట్ గార్డు. కవ్వాల అడవిలో 31 ఏళ్లు తిరిగాడు. చేతిలో కర్ర, టార్చి లైటు, సంచిలో కేసు పుస్తకం. ఉచ్చులు తీసేయడం, కరెంటు తీగలు పీకేయడం, దుప్పి మాంసం మూటలు పట్టుకోవడం ఆయన పని. దేశంలో వేటను నిషేధించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది 1972లో. ఆ చట్టం ఆ ఊళ్లో ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే ఆయన్ను చూపించేవారు.

అతను నాలుగో తరగతిలో ఉండగా ఒక రాత్రి ఎవరో ఇంటి అరుగు మీద సంచి పెట్టి వెళ్లారు. లోపల రెండు కిలోల దుప్పి మాంసం. ఏదో కేసు మాఫీకి లంచం. తండ్రి ఇద్దరు సాక్షులను పిలిచి, పంచనామా రాసి, మరునాడు పైఅధికారి ముందు కిరోసిన్ పోసి తగలబెట్టించాడు. ఆ వాసనకు ఇంటిల్లిపాదికీ ఆకలేసింది. ఆ పూట అందరూ పచ్చిపులుసుతో అన్నం తిన్నారు. ఆ ఆకలి అతనికిప్పటికీ గుర్తే.

అలాంటి ఇంటి నుంచి వచ్చిన వాడు వేటకెందుకు వెళ్లాడు? పెద్దాయన మూడేళ్లుగా పిలుస్తున్నాడన్నది ఒక కారణం. తండ్రి ఏ పని చేయకుండా జనాన్ని ఆపాడో అదెలా ఉంటుందో చూడాలన్న కుతూహలం రెండోది. రెండోదాన్ని అతను ఎవరి దగ్గరా ఒప్పుకోలేదు. కొత్తవారికి తప్పనిసరైన శిక్షణ పూర్తి చేశాడు. లైసెన్సు తీసుకున్నాడు. కొమ్ముల్లేని జింకను, అంటే ప్రధానంగా ఆడదాన్ని, కొట్టడానికి వేరే పర్మిట్ కావాలి. అప్పట్లో దానికి గులాబీ రంగు కవరులో కౌంటీ ట్రెజరర్‌కు దరఖాస్తు పంపాలి. అదీ పంపాడు. భార్యకు చెప్పాడు. "మీ బాపుకు చెప్పిండ్రా?" అని ఆమె ఒక్కటే అడిగింది. చెప్పలేదు.

చెప్పే వీలు కూడా ఆ వారం లేకపోయింది. నవంబర్ 22న భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చండ్రుగొండ ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ శ్రీనివాసరావును పోడు భూమి గొడవలో నరికి చంపారు. తమకు ఆయుధాలివ్వాలని అటవీ సిబ్బంది రోడ్డెక్కారు. ఆ రాత్రి ఫోన్లో తండ్రి గొంతు పూడుకుపోయింది. "మా చేతుల ఏముండె బిడ్డా, కట్టె తప్ప" అన్నాడు. నాలుగు రోజుల తర్వాత వెళ్లబోయే వేట గురించి కొడుకు నోరు విప్పలేదు.

ఏడు గంటలకు ముందే ఇద్దరూ అడవిలో ఉన్నారు. తలకు, ఛాతీకి, వీపుకు మెరిసే నారింజ రంగు బట్ట. ఒకరినొకరు జింకనుకుని కాల్చుకోకుండా అది 250 చదరపు అంగుళాలకు తగ్గరాదని నిబంధన. ఆ రాష్ట్రంలో జింక మీద సెమీ ఆటోమేటిక్ రైఫిల్ వాడకూడదు. ప్రతి తూటాకూ చేత్తో బోల్టు లాగాల్సిందే. కాబట్టి 1967 నాటి తుపాకి అక్కడ పనికిమాలినదేమీ కాదు. సైన్యం వాడే గట్టి తూటా మాత్రం పనికిరాదు. ఒంట్లో దిగాక విచ్చుకునేదే వాడాలి. మనుషుల యుద్ధంలో అలాంటి తూటాను 1899లోనే హేగ్ ప్రకటన నిషేధించింది. జింక విషయంలో అదే దయ. త్వరగా చస్తుంది.

మొదటి నాలుగు గంటల్లో చలి తప్ప ఏమీ జరగలేదు. నాలుగున్నర కిలోలు దాటిన రైఫిల్ ఒళ్లో రాతిబండలా ఉంది. వేళ్లు కొంకర్లు పోయాయి. ఉడత ఎండుటాకుల మీద నడిస్తే ఏనుగు వస్తున్నట్లు వినిపించింది. పది గంటల వేళ ఒక మగ జింక వచ్చింది. పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని తల అడ్డంగా ఊపాడు. ఆ ప్రాంతంలో ఒక కొమ్ముకైనా కనీసం మూడు మొనలుంటేనే కొట్టాలి. దానికి రెండే. అది వాళ్లిద్దరినీ కాసేపు చూసి, తన వయసే తనకు రక్షణని తెలిసినట్లు తీరిగ్గా వెళ్లిపోయింది.

మధ్యాహ్నం రొట్టె తిన్నాక పెద్దాయన అతన్ని ఒక కంచె దగ్గరికి తీసుకెళ్లాడు. ఎనిమిదడుగుల ఎత్తు తీగల కంచె. బయట మోకాలెత్తు ఫెర్న్ మొక్కలు ఎండి గడ్డి రంగులో పరుచుకున్నాయి. పైన వందేళ్ల చెట్లు. మధ్యలో ఏమీ లేదు. మొలక లేదు, పిల్ల చెట్టు లేదు. కంచె లోపల మాత్రం మనిషి దూరలేనంత దట్టంగా చెర్రీ, మేపుల్ పిల్ల చెట్లు.

"అటవీ శాఖ జింకల్ని రానివ్వకుండా కట్టింది" అన్నాడు పెద్దాయన. "బయట మొలకెత్తినవన్నీ అవి తినేశాయి. అవి తినని ఫెర్న్ మిగిలింది. ఈ ముసలి చెట్లు పడిపోతే వీటి వెనక ఎవరూ లేరు."

విచిత్రమేమిటంటే, 1900 నాటికి ఆ రాష్ట్రంలో జింకలు దాదాపు అంతరించాయి. అడ్డూ అదుపూ లేని వేట, అడవుల నరికివేత వాటిని ఊడ్చేశాయి. 1895లో ఏర్పడిన గేమ్ కమిషన్ 1906 నుంచి వేరే రాష్ట్రాల జింకలను తెప్పించి వదిలింది. ఆడ జింకల జోలికి పోకుండా కట్టడి చేసింది. తోడేలూ, కొండ సింహమూ అప్పటికే లేవు. కొట్టేవాడు లేక జింకలు పెరిగి అడవినే మేసేశాయి. రక్షించడం కోసం పెట్టిన శాఖే చివరికి ఆడ జింకలను కొట్టమని పర్మిట్లు పంచాల్సి వచ్చింది. 2022-23 సీజన్‌లో పెన్సిల్వేనియా వేటగాళ్లు కొట్టిన జింకలు 4 లక్షలకు పైనే. అందులో సగానికన్నా ఎక్కువ కొమ్ముల్లేనివి.

మూడున్నరకు అది వచ్చింది. ఒక్కటే ఆడ జింక. గోధుమ, బూడిద కలిసిన రంగు. అది తోక ఎత్తినప్పుడు మాత్రం తెలుపు కనిపించింది. డెబ్భై గజాల దూరం. దుప్పిలా ఒంటి మీద చుక్కల్లేవు. ఆ కళ్లు మాత్రం కవ్వాలలో చూసినవే. రైఫిల్‌కు టెలిస్కోపు లేదు. ఇనుప గురి ఒక్కటే. ముందు కాలి వెనక, మూడో వంతు ఎత్తులో. శిక్షణలో చెప్పింది అదే. పెద్దాయన ఏమీ అనలేదు, అటు చూడనైనా లేదు. ఆ క్షణాన్ని ఎవరికి వారే మోయాలని ఆయనకు తెలుసు.

అతను మీట నొక్కాడు.

చప్పుడు కొండకు తగిలి తిరిగొచ్చేసరికి జింక అక్కడ లేదు. నలభై అడుగులు పరుగెత్తి ఫెర్న్ మొక్కల్లో పడింది. దగ్గరికెళితే ఇంకా ఆవిరి వస్తోంది. కన్ను తెరుచుకునే ఉంది. పెద్దాయన టోపీ తీసి కాసేపు నిల్చున్నాడు. తర్వాత కత్తి ఇచ్చి, ఎక్కడ కోయాలో, ఎక్కడ కోయకూడదో చెప్పాడు. పొట్ట చీరి పేగులు బయటికి తీసేదాకా అతని చేతులు వణుకుతూనే ఉన్నాయి. అయితే ఆ రోజు తొలిసారి వేళ్లకు వెచ్చదనం తగిలింది. అందుకు సిగ్గుపడ్డాడు.

కదిలించకముందే పర్మిట్‌తో వచ్చిన చీటీ నింపాలి. తేదీ, సమయం, కౌంటీ, ఆడదా మగదా. బాల్‌పెన్ను చలికి రాయలేదు. నోట్లో పెట్టుకుని వేడి చేసి రాశాడు. చీటీని చెవికి కట్టాడు. పెద్దాయన సెల్‌ఫోన్ తీసి, "తుపాకి పట్టుకుని పక్కన కూర్చో. మొదటిది కదా, నవ్వు" అన్నాడు. అతను నవ్వాడు. ఫొటో వెంటనే అతని ఫోనుకు వచ్చింది.

రాత్రి ఎనిమిదిన్నరకు, జన్నారంలో ఆదివారం ఉదయం ఏడవుతుండగా, ఫోన్ చేశాడు. తండ్రి పొద్దున్నే లేచి చాయ్ తాగుతున్నాడు.

"బాపు, నేను ఇయ్యాల వేటకు పోయిన. జింకను కొట్టిన."

అవతల గ్లాసు కింద పెట్టిన చప్పుడు.

"లైసెన్సు ఉన్నదా?"

"ఉన్నది."

"ఎవడన్న పంచనామా రాసిండా?"

"రాసిన బాపు. నేనే రాసిన. చెవుకు కట్టిన."

"మొగదా, ఆడదా?"

"ఆడది."

"ఆడ ఎదకొచ్చేది ఎప్పుడు?"

31 ఏళ్లు అడవిలో తిరిగిన మనిషి అడిగే ప్రశ్న అది. అతనికి జవాబు తెలుసు. శిక్షణ పుస్తకంలోనే ఉంది. ఆ జింకలు ఎక్కువగా కట్టేది నవంబర్ నడుమనే. రెండు వారాలే అయింది. పొట్ట చీరినప్పుడు కంటికి ఏమీ ఆనలేదు. ఆనేంత వయసూ దానికి లేదు.

"ఈ నెల నడుమ బాపు. చూలుతో ఉండొచ్చు."

తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. అప్పుడు అతను కంచె గురించి, మొలకల్లేని అడవి గురించి, వెళ్లిపోయిన తోడేళ్ల గురించి చెప్పాడు. తనను తాను సమర్థించుకుంటున్నట్లు వినపడుతోందని తెలిసినా చెప్పాడు. తండ్రి మధ్యలో అడ్డం రాలేదు. కంచె ఎత్తెంతని మాత్రం అడిగాడు. మన ప్లాంటేషన్లకూ అంత ఎత్తు ఉంటే బాగుండేదన్నాడు.

"పులి లేని అడివికి అదే గతి" అన్నాడు చివరికి. "పులి చెయ్యాల్సిన పని మీరు చేస్తున్నరు. చెయ్యిండ్రి. మరి ఫొటో గిట్ల దిగినవా?"

అతను జవాబు చెప్పలేదు. తండ్రికి అది సరిపోయింది.

"పులి ఫొటో దిగది బిడ్డా" అని చాయ్ గ్లాసు అందుకున్నాడు.

మాంసంలో సగం పెద్దాయన ద్వారా పేదలకు భోజనం పెట్టే ఫుడ్ బ్యాంకుకు వెళ్లింది. వేటగాళ్లు అలా ఇవ్వడం అక్కడ మామూలే. మిగిలిన సగం భార్య ఎండు కొబ్బరి, ధనియాలు వేసి వండింది. అతను తిన్నాడు. పంచనామా లేని మాంసం కాదు కాబట్టి తినగలిగాడు. రైఫిల్‌కు పెద్దాయన నూనె పట్టించి మళ్లీ బీరువాలో పెట్టాడు.

మరుసటి ఏడాది గులాబీ కవరు అవసరం రాలేదు. 2023 నుంచి ఆ దరఖాస్తు ఆన్‌లైన్ అయింది. అతను మళ్లీ దరఖాస్తు చేశాడు, మళ్లీ వెళ్లాడు. ఫొటో మాత్రం దిగలేదు.