వీణకి విమానం ఖర్చు

మా మేనకోడలు మా అమ్మ వీణని డాలస్ పట్టుకెళ్ళిన దగ్గర్నుంచీ చుట్టాల్లో చాలామంది అడుగుతున్నారు, "ఎంతయింది? ఎలా పంపారు?" అని. అందరికీ ఒకేసారి పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాం.

ఆ వీణ బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేసినది. ఒకే పనస దుంగని తొలిచి కుండ, దండి కలిపి చేస్తారు, అందుకే ఏకాండి వీణ అంటారు. సొరబుర్ర ఒక్కటే ఊడి వస్తుంది, మిగతాది విడదీయడానికి లేదు. అప్పట్లో దామంజోడికి హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో దుప్పటి చుట్టి, పై బెర్తు మీద పెట్టి తెచ్చుకున్నాం. ఎవరూ ఏమీ అనలేదు.

విమానంలో అలా కుదరదు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కలిపి చూస్తారు. చాలా సంస్థల్లో 158 సెంటీమీటర్లు దాటితే పెద్ద సామాను కిందే లెక్క. మా ఫైబర్ పెట్టె 225 వచ్చింది. వీణ బరువు 7 కిలోలు, పెట్టె 9. అంటే వీణ కన్నా పెట్టె బరువే ఎక్కువ! మన దేశంలో తిరిగే విమానాల్లో మామూలుగా 15 కిలోలకే అనుమతి. అందుకని విశాఖ నుంచి డాలస్ దాకా ఒకే టిక్కెట్టు తీసుకున్నాం, విదేశీ ప్రయాణం లెక్కే మొదట్నుంచీ వర్తించింది. పక్క సీటు కొందామా అని కూడా ఆలోచించాం. దానికి ఇంచుమించు ఇంకో మనిషి ఖర్చవుతుంది.

అమెరికా సంస్థలకి 2015 నుంచి ఒక నియమం ఉంది. పెట్టెతో సహా మూడు కొలతలు కలిపి 150 అంగుళాలు, బరువు 165 పౌండ్లు మించని వాయిద్యాన్ని సామానులో తీసుకోవాలి. రుసుము మాత్రం వేరే అడగొచ్చు. మిగతా దేశాల సంస్థలని ముందే ఈమెయిల్‌లో అడిగి, జవాబు దగ్గర పెట్టుకోండి.

డాలస్‌లో పెట్టె తెరిస్తే చెక్కకి ఏమీ కాలేదు గానీ, 24 మెట్లలో ఆరు మైనంలోంచి లేచిపోయాయి. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం సామాను పాడైతే 7 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. ఎంత విలువైనదైనా పరిహారం 1,519 ఎస్‌డీఆర్‌లకి మించదు, అంటే సుమారు రెండు వేల డాలర్లు. ఎక్కువ విలువ ఉందనుకుంటే సామాను అప్పజెప్పేటప్పుడే ప్రకటించి, అడిగితే అదనపు రుసుము కట్టాలి.

అయితే డబ్బు ఇచ్చినా మేళం కట్టేదెవరు? మైనం కరిగించి, స్వరం వింటూ ఒక్కో మెట్టూ నిలబెట్టాలి. గొల్లపల్లిలో అది వీధిలో దొరికే పని. అక్కడ ఆ పని తెలిసినాయన దొరికేసరికి మూడు నెలలు పట్టింది. అన్నాళ్ళూ వీణ పెట్టెలోనే ఉంది. మా లెక్కలో పెద్ద ఖర్చు అదే.

"ఎందుకు పంపావమ్మా, ఇక్కడే ఉంటే పోయేది కదా" అంటే, "నా వేళ్ళు ఇంక వంగట్లేదు. వాయించేవాళ్ళు లేకపోతే ఇక్కడా అది కర్రే కదరా" అంది.

ఇప్పుడు ఆదివారాలు మేనకోడలు ఫోన్లో వాయించి వినిపిస్తుంది. అమ్మ కళ్ళు మూసుకుని అంతా వింటుంది. చివర్లో మాత్రం, "ఐదో మెట్టు ఇంకా కొంచెం తేడాగా ఉందే" అంటుంది.